తలుపు వేసుకోండి

అంతంత చదువుకున్నవాళ్లు ఒక్క ఫోనుకి ఎలా లొంగిపోతారన్నది పేరమ్మకి ఎన్నేళ్లుగానో తీరని సందేహం. దేవుడు అందరికీ బుద్ధి ఇచ్చాడు కదా?

కూతురు ఇందు తెనాలిలో ఉండి సైబర్ మోసాల మీదే పరిశోధన చేస్తోంది. కంప్యూటర్ల గురించి కాదు, మోసపోయిన మనుషుల గురించి. పోయినసారి వచ్చినప్పుడు తల్లి సందేహానికి తనే జవాబు చెప్పింది.

"వాళ్లు పగలగొట్టేది పాస్‌వర్డుని కాదమ్మా. ముందు మనిషిని నలుగురిలోంచి విడదీస్తారు. ఆ తర్వాత ఆ మనిషే అన్నీ చెప్పేస్తుంది."

"ఈ మాత్రం దానికి అన్నేళ్ల చదువెందుకే?" అని పేరమ్మ నవ్వేసింది.

ఈరోజు మధ్యాహ్నం ఆ ఫోను ఆమెకే వచ్చింది.

తెరమీద ఖాకీ చొక్కా, వెనక జెండా. సూర్యలంక నుంచి చేపల వేటకెళ్లిన ఆమె మొగుడు ఏడుకొండలు పడవలో మత్తుమందు దొరికిందని, అతను తమ కస్టడీలో ఉన్నాడని చెప్పాడు ఆ అధికారి. పడవ పేరు కూడా సరిగ్గా చెప్పాడు. అతను మొన్న వెళ్లిన మాట నిజమే. నడిసముద్రంలో అతని ఫోను పలకదు.

కేసు లేకుండా పోవాలంటే ఖాతాలో ఉన్నదంతా తాము చెప్పిన చోటికి పంపాలట. కొత్త వల కోసం కూడబెట్టిందంతా అందులోనే ఉంది. ఫోను పెట్టేసినా, ఎవరికైనా చెప్పినా ఆమెనీ అరెస్టు చేస్తారట.

"ఇంట్లో ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరండి."

"అయితే తలుపు వేసుకోండి."

వీధిలో పక్కింటి కనకదుర్గ చేపలు ఆరబోస్తోంది. కేకేస్తే పలుకుతుంది. కానీ తెరమీది కళ్లు తననే చూస్తున్నాయి.

"పట్టపగలు తలుపు వేయమంటారా సార్?"

"చెప్పింది చెయ్యమ్మా."

పేరమ్మ దేవుడి పటం వైపు ఒకసారి చూసింది. తలుపు వేసి గడియ పెట్టింది. గది చీకటైంది.

అధికారి గొంతు మెత్తబడింది. కార్డు మీది అంకెలు ఒక్కొక్కటే చదవమన్నాడు. ఆమె చదివింది, తడబడింది, మళ్లీ మొదటికొచ్చింది.

అంతలో బయట పరుగులు. ఏడుపులు. ఎవరో తలుపు దబదబా బాదారు.

"ఎవరది? ఎవరికి చెప్పావు?"

"ఎవరికీ చెప్పలేదండి. మీరు చెప్పిందే చేశాను," అంటూ పేరమ్మ గడియ తీసింది.

మగవాళ్లు వేటలో ఉండగా ఆ పల్లెలో పట్టపగలు ఏ ఇంటి తలుపు వేసి ఉన్నా సముద్రం మీంచి చావు కబురు వచ్చినట్టే లెక్క. కనకదుర్గ మొగుడు తిరిగిరాని నాడు అందరికంటే ముందు వచ్చి తలుపు తట్టింది పేరమ్మే. ఆ రుణం తీర్చుకుంటూ, ఈసారి గుమ్మంలో ఊరందరికీ ముందు నిలబడింది కనకదుర్గ.