యాభై నాలుగో నంబరు జెర్సీ

"ఈ వీపు నీది కాదని నా మొహం చూసి చెప్పు," అంటూ ప్రిన్సిపాల్ డార్లీన్ క్విస్ట్ తన ఫోన్‌ని బల్ల మీదుగా ట్రిగ్ ముందుకు తోసింది.

పక్కన కూర్చున్న కోచ్ లైల్ మెడ సాచి చూశాడు. శనివారం రాత్రి ఊరి బయట పాత గొడ్లసావిట్లో జరిగిన పార్టీ ఫోటో అది. గడ్డిబండి ఎక్కి ఎవరో చిందులేస్తున్నారు. మొహం అటు తిరిగి ఉంది. నెత్తిన ఉన్ని టోపీ, రెండు చేతుల్లోనూ బీరు గ్లాసులు. చలికోటు మీద తొడుక్కున్న ఊదారంగు జెర్సీ మీద యాభై నాలుగు అంకె మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. లార్క్‌డేల్ హైస్కూల్ ఫుట్‌బాల్ జట్టులో ఆ నంబరు ట్రిగ్ ఓస్ట్‌బీది.

"నాది కాదు మేడమ్," అన్నాడు ట్రిగ్.

"జెర్సీ?"

"జెర్సీ నాదే. వీపు నాది కాదు."

కోచ్‌కి నవ్వొచ్చింది గానీ మింగేశాడు. ఆ గదిలో నవ్వితే బతికి బట్టకట్టినవాళ్లు లేరు. బడిలోనైనా, బయటైనా తాగి దొరికిన ఆటగాడు రెండు ఆటలు ఇంట్లో కూర్చోవాలన్న రూలు డార్లీన్ పెట్టిందే. వచ్చే శుక్రవారం పక్క ఊరు బ్రూల్‌టన్‌తో ఆట. గెలిచినవాళ్లకి దక్కే పాత పాలక్యాను ఆరేళ్లుగా వాళ్ల బళ్లోనే అద్దాల బీరువాలో కులుకుతోంది. ఈసారి దాన్ని తేకపోతే మీసం తీయించుకుంటానని కోచ్ మంగలిషాపులో పదిమంది ముందూ అనేశాడు. ట్రిగ్ లేకపోతే ఆ మీసానికి ఇదే ఆఖరి వారం.

"మేడమ్, ఒక్క మాట," అన్నాడు కోచ్. "మొన్న శుక్రవారం ఆట అయ్యాక పిల్లలందరూ జెర్సీలు ఇచ్చేశారు కదా. అది మర్చిపోతే ఎలా?"

ఆ ఊళ్లో అదొక ఆనవాయితీ. ఏడాదికోసారి, పాత విద్యార్థులంతా ఊరికి తిరిగొచ్చే హోమ్‌కమింగ్ ఆట అయ్యాక, ప్రతి కుర్రాడూ చెమటతో తడిసిన జెర్సీ విప్పి, ఊళ్లో తనకి మేలు చేసిన ఓ పెద్దమనిషి చేతిలో పెడతాడు. వాళ్లు దాన్ని రెండ్రోజులు ఒంటిమీద వేసుకుని ఊరంతా తిరిగి, ఉతికి, సోమవారం తెచ్చిస్తారు. ఆ కంపు దక్కడం గొప్ప గౌరవం. కోచ్‌కి ఇంతవరకూ ఎవడూ ఇచ్చిన పాపాన పోలేదు, అది వేరే సంగతి.

"అయితే ఎవరికిచ్చావు?" అంది డార్లీన్.

ట్రిగ్ తన బూట్లు చూసుకున్నాడు. "చెప్పనని మాటిచ్చాను మేడమ్."

"ఎవరికి మాటిచ్చావు?"

"అది చెబితే చెప్పేసినట్టే కదా మేడమ్."

కోచ్ బల్ల కింద వాడి కాలు తొక్కాడు. "ఒరేయ్, పేరు చెప్పేసెయ్. పెద్దవాళ్లు తాగితే నేరమేం కాదు. మధ్యలో నీ ఆట పోతుంది."

"వాళ్లే లేకపోతే నేను తొమ్మిదో తరగతిలోనే బడి మానేసేవాణ్ని కోచ్. చెప్పను."

"వంకలు," అంది డార్లీన్. "ఆ భుజాలు చూడండి కోచ్. అలాంటి భుజాలు ఈ ఊళ్లో ఇంకెవరికున్నాయి?"

ఆ మాటకొస్తే డార్లీన్ భుజాలూ తక్కువవేం కావు. మగపిల్లాడై పుట్టుంటే జట్టులో, ఎదుటివాళ్లని భుజాలతో తోసే ముందు వరసలో నిలబెట్టేవాణ్నని కోచ్ చాలాసార్లు అనుకున్నాడు. పైకి అనలేదు.

"శనివారం నేనేం చేశానో తెలుసా? మా అమ్మ మోకాళ్లకి కాపడం పెట్టి, ఏడింటికే పడుకోబెట్టి, తాగుడు మాన్పించే సభకి ఉపన్యాసం రాసుకుంటూ కూర్చున్నాను. ఇక్కడ మీ వాడు బండెక్కి గంతులు. రూలంటే రూలే. ఈ ఫోటోలో ఉన్నది చర్చి పాస్టర్ గారైనా సరే, రెండు ఆటలదాకా మైదానం గేటు దాటనివ్వను. ఇంకెవరి పేరూ చెప్పవు కాబట్టి అది నువ్వే."

ఆవిడ కలం మూత తీసింది. ట్రిగ్ మోచేత్తో కళ్లు తుడుచుకుని మళ్లీ తల అడ్డంగా ఊపాడు. అలాంటి కుర్రాడు తన జట్టులో ఉన్నందుకు కోచ్‌కి గర్వంగానూ ఉంది, వాడి పీక నొక్కెయ్యాలనీ ఉంది. చెయ్యి మాత్రం దానంతటదే మీసం మీదికి పోయింది.

అంతలో తలుపు భళ్లున తెరుచుకుంది. గుమ్మం నిండా ఆర్డిస్. చాలా ఏళ్లు స్కూలు బస్సు నడిపిన మనిషి. తెల్లారకముందే ట్రిగ్ ఇంటి ముందు బస్సు ఆపి, వాడు లేచి వచ్చేదాకా హారన్ మోగించేది, వీధి వీధంతా తిట్టినా కదిలేది కాదు. ఇప్పుడు చేతిలో ఓ సంచి ఉంది.

"ఇక్కడున్నావా, నీకోసం బడంతా గాలించానురా," అంది ఆయాసపడుతూ. "ఇదిగో నీ చొక్కా. రెండుసార్లు ఉతికాను గానీ బీరు మరక వదిలి చావలేదు. ఆ బండి మీంచి దూకేటప్పుడు..."

బల్ల వెనక కుర్చీలో డార్లీన్ కూడా ఉందని అప్పుడు చూసింది.

డార్లీన్ ఫోటో చూసింది. ఆర్డిస్ భుజాలు చూసింది. మళ్లీ ఫోటో చూసింది. డార్లీన్ మొహం చెవుల దాకా ఎర్రబడింది. ఆర్డిస్ చెయ్యి మెల్లగా మోకాలి మీదికి జారింది.

"మరి శుక్రవారం ఆట సంగతి మేడమ్..." అని నసిగాడు కోచ్.

డార్లీన్ కలానికి మూత పెట్టేసింది.

"ట్రిగ్ ఆడతాడు," అంది. "రెండు ఆటలూ ఇంట్లో కూర్చునేది మా అమ్మ."