బూర మీద నెత్తురు

పెళ్లి విందులో ఆట మంచి ఊపు మీద ఉండగా, పిలవని ముసలాయన ఒకడు వచ్చి బూర ఊదుతున్న మిలిసావ్ ఎదుట నిలబడ్డాడు.

నుదుటికి నోటు అంటిస్తాడు కాబోలని మిలిసావ్ ఊదుతూనే తల వంచాడు. మోరావా లోయలో బూర ఊదేవాడికి మెప్పు అలాగే దక్కుతుంది.

ముసలాయన నోటు అంటించలేదు. బూర లాక్కుని, పెదవి ఆనే చోట ముక్కు పెట్టి వాసన చూశాడు.

"థూ! చచ్చిన ఎలుక కంపు!"

డోలు వాయించే స్రెతెన్ పకపకా నవ్వాడు. మిలిసావ్‌కి ఒళ్లు మండింది. గవ్రిలో అనే వెనకటి బూర మొనగాడి తర్వాత అంతటివాడని అందరూ అంటున్న మనిషి మరి!

ఆ గవ్రిలో ఊదిన టేపు అరిగిపోయేదాకా విని నేర్చుకున్న విద్య అది. ఆ టేపు అట్ట మీది ఆయన బొమ్మ ఇప్పటికీ మిలిసావ్ మంచం పక్కన గోడకు ఉంది. పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్న కుర్రాడు. మంచి పేరులో ఉండగానే ఆ గవ్రిలో ఏమయ్యాడో ఎవరికీ తెలీదు. ఎవరో ఆవిడతో జర్మనీ పారిపోయాడని చెప్పుకుంటారు. వచ్చే నెల జాతరలో ఆయన గెలిచిన వెండి బూరే తనూ గెలవాలని మిలిసావ్ పంతం.

"ఎవరు తాతా నువ్వు? తాగింది చాల్లేదా?"

"ఇదిగో నెత్తురు. చిగుళ్లు రోజూ ఇలాగే కారతాయా?"

"ఊదేవాడికి కారవా? కాస్త రకియా పుక్కిలిస్తే అదే కట్టుకుంటుంది."

"సారాతోనే అన్ని రోగాలూ పోతే ఈ దేశంలో డాక్టర్లెందుకు? పళ్లు ఎప్పుడైనా చూపించుకున్నావా?"

"నొప్పి లేకుండా ఎవడు పోతాడు?"

"నొప్పి వచ్చాక పోతే పీకడం తప్ప డాక్టరు చేసేదేమీ ఉండదు. పళ్లకు పట్టిన ఆ గార గీకించుకో. ఆరు నెలలకోసారి వెళ్లి శుభ్రం చేయించుకో. నీ పాటలో గాలి కారుతోందిరా, నాకు వినబడుతోంది."

"గార తీస్తే పళ్లు కదిలిపోతాయి. పళ్లని పట్టి ఉంచేది అదే. మా నాన్న చెప్పాడు."

"మా నాన్నా అదే చెప్పాడు," అంటూ ముసలాయన నోరు తెరిచాడు.

చూడకుండా ఉంటే బాగుండేది. పైన ఒక్క పన్ను లేదు. కింద మూలగా ఒకటి, పసుపు పచ్చని పెచ్చు కట్టి వేలాడుతోంది. ఉబ్బిన చిగుళ్ల మధ్య నిన్నటి రొట్టె ముక్క నానుతోంది. ఆ నోట్లోంచి వచ్చిన గాలికి మిలిసావ్‌కి డోకు వచ్చింది.

"ఛీ! ముయ్యి ముందు! పందుల దొడ్డి నయం! ఆ కంపు పెట్టుకుని నాకు చెప్పొచ్చాడండీ!"

పెళ్లివాళ్లంతా గొల్లుమన్నారు. ముసలాయన అరచేత్తో నోరు కప్పుకుని, బూరను జాగ్రత్తగా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆ పూట మిలిసావ్‌కి కాల్చిన పంది మాంసం కూడా సయించలేదు.

మర్నాడు అద్దం ముందు పెదవి లాగి చూసుకున్నాడు. కింది పళ్ల వెనక గోధుమరంగు గట్టి పెచ్చు. గోటితో గీరి, గోరు వాసన చూసుకున్నాడు. అదే కంపు. తన మీద తనకే రోత పుట్టింది.

అయినా డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. ఇప్పుడు గీకిస్తే పళ్లు కదులుతాయి, జాతర కాగానే చూద్దాం అనుకున్నాడు. రకియా పుక్కిలించి ఊరుకున్నాడు.

జాతరలో పై స్వరం అందుకునేసరికి ముందు పన్ను లోపలికి ఒరిగిపోయింది. పాట రాలేదు. బుస్సుమని గాలి, గాలితో పాటు చీమూ నెత్తురూ వచ్చి చొక్కా మీద పడ్డాయి. ముందు వరసలో కూర్చున్నావిడ మొహం తిప్పేసుకుంది.

పళ్ల డాక్టరమ్మ దెసాంకా మూతికి గుడ్డ కట్టుకుని కూడా ముక్కు ముడుచుకుంది.

"గార కింద ఎముక ఎప్పుడో కరిగిపోయిందయ్యా. ఈ నాలుగూ ఉండవు. ఏడాది కిందట వచ్చి ఉంటే శుభ్రం చేసి పంపేదాన్ని."

"గారే కదమ్మా పట్టి ఉంచేది?"

"పట్టి ఉంచలేదు. తినేసింది."

పళ్లు నాలుగూ పళ్లెంలో టంగుమని పడ్డాయి.

చిగురు మానుతుండగా స్రెతెన్ వచ్చాడు. ఈసారి నవ్వలేదు.

"పెళ్లిలో నువ్వు తిట్టి పంపావే, ఆ తాత పోయాడట. ఆయనది పైన కొండ మీది నాలుగిళ్ల ఊరు. రేపు నలభయ్యో రోజు కర్మ. బూర తెచ్చుకుని నిన్నే రమ్మందట ఆయన భార్య, ఆ ముసలమ్మ."

క్షమించమని చెప్పుకోవడానికి ఇక ఆయన లేడు. కనీసం ఆమెతోనైనా చెప్పుకుందామని మిలిసావ్ వెళ్లాడు.

సమాధి దగ్గర ముసలమ్మ పోయినాయన పేర ఉడికించిన గోధుమలు పంచుతోంది. మట్టి మీద కాస్త రకియా పోసి అతని వైపు తిరిగింది.

"నువ్వేనా నాయనా? ఆ రోజు ఇంటికొచ్చి నీ గురించే బాధపడ్డాడు. 'బంగారం లాంటి ఊదుడే, కాపాడుకోడేమో' అన్నాడు. ఒక్క పాట ఊదు. వింటాడు."

మిలిసావ్ నోరు చేత్తో కప్పుకున్నాడు. ఆమె చూడనే చూసింది.

"అయ్యో, నీకూనా!" అంది.

అయినా బూర పెదవికి ఆనించాడు. ఖాళీ చిగురు మీదికి పెదవి మడత పడింది. ఉమ్ము కారింది, పాట రాలేదు. సిగ్గుతో ఆమె వైపు చూడలేక తలెత్తి సమాధిరాయి వైపు చూశాడు.

అక్కడ అందరూ చేసినట్టే ఆయన కూడా వయసులో ఉండగానే రాయి నిలబెట్టించుకుని, తనకు నచ్చిన బొమ్మ చెక్కించుకున్నాడు.

నల్లరాతిలో చంకన బూర పెట్టుకుని పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నది, మిలిసావ్ మంచం పక్కన గోడ మీది ఆ కుర్రాడే, గవ్రిలో.