ఏం కూర వండావని అడిగిన ఫోను

పని ఇంకొకరికి అప్పగిస్తే మనుషులు కూడా చేజారిపోతారేమోనన్నదే నాగవేణికి అన్నిటికన్నా పెద్ద భయం. అయినా చంటిపిల్లను చంకనేసుకుని, ఫోన్లకు జవాబిస్తూ, వేడి కుండ మీద పూతరేకులు తీయడం ఆమెవల్ల కాలేదు. ఆత్రేయపురంలో అప్పటికే ఇంటింటికీ జంటగొంతు వచ్చేసింది. అచ్చం యజమాని గొంతుతోనే మాట్లాడి బేరాలన్నీ చక్కబెట్టే యంత్రం అది. నాగవేణి కూడా ఫోన్లూ పార్సిళ్లూ దానికి వదిలేసి, తనకు చేతనైన రేకుల మీదే మనసు పెట్టింది. రేకులు ఉల్లిపొర కన్నా పలచగా వచ్చాయి. పిల్లకు వేళకు పాలు అందాయి.

కాకినాడలో ఒంటరిగా ఉండే సుభద్ర పిన్నిగారు రేకులు కొనడానికన్నా కబుర్లకే ఎక్కువ ఫోన్ చేసేది. కొన్నాళ్లుగా ఆవిడ ఊసే లేకపోవడంతో, ఏమైందని యంత్రాన్ని అడిగింది నాగవేణి.

"ఏం కూర వండావని అడిగారండి. కూరలు అమ్మం, పూతరేకులే ఉన్నాయని చెప్పాను. ఆవిడ మళ్లీ ఫోన్ చేయలేదండి," అంది జంటగొంతు.

నాగవేణి పిండి చేత్తోనే పిన్నిగారికి ఫోన్ చేసింది.

"బేరముంటేనే మాట్లాడతావంట కదే ఇప్పుడు," అంది పిన్నిగారు.

"అది నేను కాదు పిన్నిగారూ, యంత్రం. బీరకాయ పాలుపోసి వండానండి."

"ఎలా కుదిరింది?"

"ఏం కుదరడం, పిల్ల ఏడుపులో ఉప్పెయ్యడం మరిచిపోయాను."

"అయితే నువ్వేలే," అని పిన్నిగారు నవ్వేసింది. "ఆ యంత్రమైతే బ్రహ్మాండంగా ఉందనేది."

అప్పటినుంచి ఆ ఒక్క ఫోను మాత్రం నాగవేణే ఎత్తుతోంది. మీకూ ఊరికే ఫోన్ చేసే పెద్దావిడ ఎవరైనా ఉండి, ఈమధ్య చేయకపోతే, ఇవాళే ఒకసారి ఎలా ఉందో కనుక్కోండి.