గిజిగాడి అద్దె గూళ్ళు

అమ్మలారా, అయ్యలారా, కాస్త దగ్గరగా జరగండి. భగవంతుడు గిజిగాడికి గూడల్లే విద్య ఇచ్చాడు, గువ్వకు ఓపిక ఇచ్చాడు. ఆ ఇద్దరూ ఒకే తుమ్మచెట్టు పంచుకుంటే ఏమైందో వినండి.

గిజిగాడు చెరువు అవతల సుఖంగా ఉంటూ, ఈ తుమ్మచెట్టు మీద అల్లిన అయిదు గూళ్ళనూ దారిన పోయే పిట్టలకు నాలుగేసి రోజులు అద్దెకిచ్చేవాడు. వచ్చినవాళ్ళు పగలంతా ఊగడం, పాడటం. కొమ్మ అదిరి అదిరి, పక్కనే పొదుగుతున్న గువ్వ గుడ్డు ఒకటి గూటి అంచుదాకా దొర్లింది.

గువ్వ వెళ్ళి, పిట్టల తగవులు తీర్చే కొంగ తాత దగ్గర మొరపెట్టుకుంది. తాత గిజిగాడిని పిలిపించాడు, చుట్టుపక్కల పిట్టలూ చేరాయి.

"ఆ గూళ్ళన్నీ పీకిపారేద్దాం తాతా" అంది కాకి.

"నా గడ్డి, నా అల్లిక. పీకడానికి నువ్వెవరు?" అన్నాడు గిజిగాడు.

"నిజమే, అతని గూళ్ళు అతనివే. నా గుడ్లు దక్కితే నాకు చాలు" అంది గువ్వ.

కొంగ తాత గిజిగాడి వైపు తిరిగాడు. "అద్దెకిచ్చుకో నాయనా, నిన్నెవరూ కాదనరు. కానీ అద్దెకొచ్చినవాళ్ళున్నన్నాళ్ళూ ఆ అయిదింట్లో ఒక గూట్లో నువ్వుండాలి."

గిజిగాడు గొణుక్కుంటూ వచ్చి చేరాడు. రెండో రోజుకే తల దిమ్మెక్కింది. మూడో రోజు, "ఊగాలనుంటే అవతలి చెట్టుకు పొండి బాబూ, ఇక్కడ గుడ్లున్నాయి" అని తనే కసిరాడు.

దేవుడి దయవల్ల గుడ్లు పిల్లలయ్యాయి. ఇక చూడండి, ఆ పిల్లల గోల ఇంతా అంతా కాదు. అద్దె పిట్టలు మొహాలు ముడుచుకుని గిజిగాడి దగ్గరికొచ్చాయి.

"ఏమయ్యా, కునుకైనా పట్టనివ్వరా వీళ్ళు?"

"వాళ్ళు మా పక్కింటివాళ్ళు" అన్నాడు గిజిగాడు దర్జాగా. "నాలుగు రోజులుండి పోయేవాళ్ళు, మీరే సర్దుకోండి."