అరువు ముక్కు

“బల్ల కింద నువ్వు నా కాలు తొక్కితే వైన్ పాడైనట్టు. తొక్కకపోతే బాగున్నట్టు. మర్చిపోకు,” అన్నాడు ఫౌస్తో, భార్య ఇస్త్రీ చేసి ఇచ్చిన తెల్ల చొక్కా తొడుక్కుంటూ.

“మర్చిపోయేది నువ్వే. ముందు మెడ బొత్తం పెట్టుకో,” అంది డెల్ఫినా. తనే పెట్టి, కాలరు సర్ది, వెనక్కి జరిగి చూసింది. “పెళ్లికొడుకులా ఉన్నావు.”

పోయిన చలికాలం వచ్చిన జ్వరం ఫౌస్తో ముక్కుని పట్టుకుపోయింది. మాడిన మాంసమూ తెలియదు, కోసిన ఉల్లిపాయా తెలియదు. మెండోజాలో పేరున్న ద్రాక్షతోటకి వైన్ చేసే మనిషికి అంతకంటే చావు ఏముంది? అప్పట్నుంచి అతను పీపాల్లోంచి రహస్యంగా తెచ్చే నమూనాలని వంటబల్ల దగ్గర వాసన చూసి చెప్పేది డెల్ఫినాయే. ఇద్దరూ ఒకే కాలేజీలో వైన్ తయారీ చదివారు. మొదటి ర్యాంకు ఆమెది, ఉద్యోగం అతనిది.

ఈ ఏడాది పతకం తెచ్చిన వైన్ పాళ్లు కలిపింది కూడా ఆమే. సొమ్మొకడిది సోకొకడిది. పతకం మెడలో వేసుకుని “అంతా నా ముక్కు చలవ” అని వేదిక మీద చెప్పుకున్నవాడు ఫౌస్తో. ఇంటికొచ్చాక ఆమె, “తోట యజమానులకి నిజం చెప్పేద్దాం. ఇద్దరం కలిసి చేద్దాం,” అంది. “పెళ్లాం ముక్కుతో బతుకుతున్నాడని ఊరంతా నవ్వాలా?” అని కసిరాడు. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడు తోట చేతులు మారింది. కొత్త యజమాని డాన్ అన్సెల్మో ఇద్దర్నీ మధ్యాహ్నం భోజనానికి హోటల్‌కి పిలిచాడు. పాతవాళ్లలో ఎవరు ఉండాలో, ఎవరు పోవాలో అన్నం బల్ల దగ్గరే తేల్చేస్తాడని అతనికి పేరు.

బయట జోండా గాలి వేడిగా, దుమ్ముగా కొడుతోంది. డెల్ఫినా దారంతా ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకునే కూర్చుంది.

హోటల్‌లో డాన్ అన్సెల్మో లేచి ఫౌస్తోని కౌగిలించుకుని, చెంపకి చెంప ఆనించి, ఒక్క క్షణం అలాగే ఆగిపోయాడు. తర్వాత వెయిటర్ వైపు తిరిగాడు.

“ఆ కిటికీ తియ్యవయ్యా.”

“బయట జోండా, దొరా. దుమ్మంతా ప్లేట్లలోకొస్తుంది.”

“రానీ.”

డబ్బున్నవాళ్ల చాదస్తం అనుకున్నాడు ఫౌస్తో.

“మా ఆవిడ డెల్ఫినా. వైన్ సంగతులు దీనికి తెలియవు లెండి. మాంసం కూరిన ఎంపనాదాలు మాత్రం అదరగొడుతుంది.”

డెల్ఫినా నవ్వి, రుమాలు మడిచి ఒళ్లో పెట్టుకుంది.

“అయితే వైన్ నువ్వే ఎంచు,” అని అన్సెల్మో వైన్ల పట్టీ ముందుకు తోశాడు.

ఫౌస్తో పాత మాల్బెక్ ఒకటి ఎంచాడు. వెయిటర్ బిరడా తీసి, ఎంచినవాడి గ్లాసులో రుచి చూడ్డానికి కొంచెం పోశాడు.

“మా ఆవిడకీ ఓ చుక్క పొయ్యి. నాలుగు ముక్కలు నేర్చుకుంటుంది.”

డెల్ఫినా గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది. బల్ల కింద ఫౌస్తో కాలు మీద ఆమె కాలు పడింది.

అతను కళ్లు మూసుకుని గ్లాసు తిప్పాడు. “బిరడా చెడింది. తడిసిన అట్టపెట్టె కంపు.”

వెయిటర్ ఆ గ్లాసు పట్టుకుని దూరంగా గది మూలకి పోయి వాసన చూశాడు. మొహం ఎర్రబడి వచ్చాడు. “నిజమే, అయ్యా. క్షమించండి.”

రెండో సీసా తెరిచారు. ఈసారి కాలు కదల్లేదు.

“ఇదీ వైనంటే!” అన్నాడు ఫౌస్తో. అన్సెల్మో కూడా రుచి చూసి తల ఊపాడు.

మేకపిల్ల వేపుడు వచ్చింది. గండం గడిచింది, ఉద్యోగం నిలిచింది అనుకుంటూ ఫౌస్తో బల్ల కింద భార్య చెయ్యి నొక్కాడు.

“రెండు సీసాలూ సరిగ్గా చెప్పావు,” అన్నాడు అన్సెల్మో ఫోర్కు కింద పెట్టి. “ఎవరి ముక్కుతో చెప్పావు?”

ఫౌస్తో ముద్ద గబగబా మింగాడు. “నా... నా ముక్కుతోనే.”

“వైన్ రుచి చూడ్డానికొచ్చే మనిషి ఆ పూట వాసన సబ్బు కూడా ముట్టుకోడు. నిన్ను కౌగిలించుకుంటే మంగలి షాపులో దూరినట్టుంది. కిటికీ ఎందుకు తీయించాననుకున్నావు? ఇంత సెంటు కంపులోనూ బిరడా చెడిందని పట్టిన ముక్కు ఎవరిదో నాకు కావాలి. నీది మాత్రం కాదు. నీ ఒంటి మీది సెంటే నీకు తెలియడం లేదు!”

“సెంటా? నేను పెళ్లినాడు కూడా రాసుకోలేదు!” ఫౌస్తో కాలరు ముక్కుకి ఆనించి గట్టిగా పీల్చాడు. ఏమీ తెలియలేదు. మళ్లీ పీల్చాడు. భార్య వైపు తిరిగాడు. “నువ్వైనా చెప్పవే, డెల్ఫినా. నా మీద సెంటుందా?”

డెల్ఫినా తన గ్లాసు నెమ్మదిగా బల్ల మీద పెట్టింది.

“చల్లింది నేనే.”