తాళం పిల్లలు

"బామ్మగారూ, కాస్త పక్కకి జరగండి. వెనక జనం ఆగిపోయారు," అంది నర్సు.

ముసలావిడ జరగలేదు.

రక్తం ఇచ్చి కూర్చున్న దర్జీ చేతిలో పాలగ్లాసు ఇంకా సగం ఉంది.

"తాగరా. మొత్తం తాగితేనే కదులుతా."

నలభైకి దగ్గరపడ్డ దర్జీ బడిపిల్లాడిలా గటగటా తాగేశాడు.

"చూశారా మన కాపలా బామ్మని? ఎవరొచ్చినా ఇదే వరస," అని నర్సు నవ్వింది.

డాక్టరమ్మకి నవ్వు రాలేదు. ఆమె తల అప్పటికే వేడెక్కి ఉంది.

నలభై ఏళ్ళ కిందట ఆ ఊరి మిల్లుకి తాళం పడింది. ఏడాది దాకా తియ్యలేదు. రెండు వరసల మిల్లు కాలనీలో పొయ్యి వెలిగిన రోజే పండగ. అప్పుడు కడుపున పడ్డవాళ్ళని కాలనీలో ఇప్పటికీ తాళం పిల్లలనే అంటారు.

తాళం పిల్లల్లో చాలామందికి కీళ్ళు వాచాయి. కొందరికి పేగులు పూశాయి. కొందరికి వయసు రాకముందే గుండె మొరాయించింది. ఎందుకో తేల్చాలని డాక్టరమ్మ రెండేళ్ళుగా వాళ్ళ రక్తం పరీక్షిస్తోంది. తేలితే, జబ్బు ముదరకముందే వాళ్ళకి వైద్యం మొదలవుతుంది. తేలకపోతే ఈ గదికి కూడా తాళమే.

"జన్యువులు చెడిపోలేదు," అని ఆమె అందరికీ ఓపిగ్గా చెప్పేది. "వాటి మీద స్విచ్చుల్లాంటివి ఉంటాయి. తల్లి పస్తులుంటే, కడుపులో బిడ్డకి కొన్ని స్విచ్చులు తప్పుగా పడిపోతాయి. ఆరిపోవాల్సిన వాపు ఆరదు. ఒళ్ళు ఏళ్ళ తరబడి లోలోపల రాజుకుంటూనే ఉంటుంది."

ముందు వరస ఇళ్ళవాళ్ళ రక్తం అచ్చం అదే చెప్పింది.

వెనక వరసవాళ్ళు మాత్రం ఒక్కడు తప్ప అందరూ నిక్షేపంలా ఉన్నారు.

పెద్ద డాక్టరు ఫలితాలు చూసి పెదవి విరిచాడు.

"ఒకటే కాలనీ, ఒకటే ఆకలి. సగం మందికి జబ్బు, సగం మందికి లేదా? ఎవరో బయటివాళ్ళని తెచ్చి కూర్చోబెట్టారమ్మా. ఈ వారంలో తేల్చు. లేదంటే మొత్తం పక్కన పడేద్దాం."

వెనక వరసవాళ్ళందరినీ వెంటబెట్టుకొచ్చింది కాపలా బామ్మే. పైగా మిగిలిన బిస్కెట్లు సంచీలో వేసుకునేది. డాక్టరమ్మకి అనుమానం ఖాయమైపోయింది. తొందరపాటు చదువుకున్నవాళ్ళకి రాకూడదని ఎక్కడా రాసిలేదు.

దర్జీ బయటికి వెళ్ళగానే నిలదీసింది.

"నిజం చెప్పండి. పాలకీ బిస్కెట్లకీ ఆశపడి ఎవరెవర్ని తీసుకొచ్చారు?"

"అందరూ మావాళ్ళేనమ్మా."

"మీవాళ్ళయితే ఒంట్లో ఆకలి ఆనవాలు ఉండాలిగా? మీరు తెచ్చినవాళ్ళలో ఆ వాచీలు బాగుచేసే అతనొక్కడే అసలైన తాళం పిల్లాడు. మిగతావాళ్ళంతా దొంగ సరుకు!"

ఆ మాటకి ముసలావిడ మొహం మాడిపోయింది. సంచీలోంచి బిస్కెట్లు తీసి బల్ల మీద పెట్టింది.

"మిగతావాళ్ళు బాగున్నారు కదా? అది చాలమ్మా," అని వెళ్ళిపోయింది.

మళ్ళీ రాలేదు.

గడువు దగ్గరపడింది. వెనక వరస పేర్లు కొట్టేసే ముందు ఒక్కసారి కళ్ళతో చూద్దామని డాక్టరమ్మ కాలనీకి బయల్దేరింది. మొదట కనపడింది దర్జీ కొట్టు.

"మీరు నిజంగా ఇక్కడే పుట్టారా?"

"ఇదిగో, ఈ కుట్టుమిషను ఉన్నచోటే పుట్టానట," అన్నాడు దర్జీ.

"మరి మీ అమ్మగారు పస్తులుండలేదా?"

"ఉండనిస్తేగా పెద్దమ్మ!"

"పెద్దమ్మా?"

"మీరు కాపలా బామ్మ అంటారే, ఆవిడే. అప్పుడు కాలనీ మొత్తానికి పని ఉన్నది ఆవిడకే, బేకరీలో. కూలి కింద రొట్టెలిచ్చేవాళ్ళు. అవి తెచ్చి ఈ వరసలో కడుపుతో ఉన్న ఆడవాళ్ళందరికీ పంచేది. చేతిలో పెట్టి పోతే వాళ్ళు మొగుడికో, పెద్దపిల్లలకో పెట్టేస్తారని, తినేదాకా ఎదురుగా నిలబడేది."

డాక్టరమ్మకి పాలగ్లాసు గుర్తొచ్చింది.

"మరి ముందు వరసకి?"

"ఎన్ని రొట్టెలొస్తాయమ్మా? అక్కడిదాకా అందేవి కావు. ఆ బాధ ఆవిడకి చివరిదాకా పోలేదు."

"తనేం తినేది?"

"అప్పుడు ఆవిడా కడుపుతోనే ఉందట. మా అమ్మ అడిగితే, బేకరీలోనే తినేసి వచ్చాననేదట."

ఒక వీధి చెప్పిన మాటతో శాస్త్రం తేలిపోదు. ఇంకా చాలా పరీక్షలు కావాలి. అయినా ఎక్కడ వెతకాలో మాత్రం డాక్టరమ్మకి తెలిసిపోయింది. అంతకంటే ముందు చేయాల్సిన పని ఇంకొకటుంది.

"ఆవిడ ఇల్లెక్కడ? క్షమాపణ చెప్పుకోవాలి."

దర్జీ కత్తెర కింద పెట్టాడు.

"చివరి ఇల్లు. కానీ డాక్టరమ్మా, పెద్దమ్మ మొన్ననే పోయింది."

డాక్టరమ్మకి సిగ్గేసింది. అయినా వెళ్ళి చివరి ఇంటి తలుపు తట్టింది.

లోపల గడియతో ఎవరో చాలాసేపు అవస్థపడ్డారు.

"అమ్మ లేదండీ," అంటూ వంకరపోయిన వేళ్ళతో తలుపు తీశాడు, వాచీలు బాగుచేసే అతను.