పచ్చనీళ్ళు

తలుపు తీసేసరికి గుమ్మంలో ఒక పెద్దాయన. తలకు మఫ్లర్, కాళ్ళకు కొడుకువో అల్లుడివో వదులు బూట్లు.

"ఆల్చిప్పల తొట్టి ఇస్తామన్నది ఈ ఇంట్లోనేనా అమ్మా?"

విద్య ఆశ్చర్యపోయింది. చేపల తొట్టి ఫ్రీగా ఇస్తామని మెయిల్‌బాక్సుల దగ్గర నిన్ననే కాగితం అంటించింది. కింద ఖాళీ కనిపించి కూతురు మీనా తెలుగు బడిలో నేర్చుకున్న అక్షరాలతో 'ఆల్చిప్పలు' అని వంకరటింకరగా రాసింది. అమెరికాలో, ఈ చాండ్లర్‌లో అది చదివేవాళ్ళెవరని విద్య పట్టించుకోలేదు.

చదివేవాడు రానే వచ్చాడు.

"రండి, హాల్లో ఉంది. కార్ తెచ్చారా?"

"లేదమ్మా. రోజూ ఇటు నడకకొస్తుంటాను. అలాగే వచ్చాను."

నడిచొచ్చినవాడు అంత తొట్టి నెత్తిన పెట్టుకుపోతాడా? పొద్దుపోక వచ్చిన మనిషి అనుకుంది విద్య.

తొట్టిలో ఉప్పునీళ్ళు. అడుగున రాళ్ళకు అంటుకుని ఆల్చిప్పలు, నల్లగుల్లలు. ఆమె భర్త అనుదీప్ పుట్టింది భీమిలిలో. సముద్రం మొహం ఎరగని ఈ ఎడారి ఊళ్ళో ఎవరేమనుకున్నా వాటిని పిల్లల్లా పెంచాడు. ఇప్పుడు ఒక్కొక్కటే చచ్చిపోతుంటే విద్య తీసి పారేస్తోంది.

పెద్దాయన తొట్టి వంక చూడనే లేదు. పైన గోడ మీది ఫోటో చూస్తూ నిలబడిపోయాడు.

"ఈ అబ్బాయి..."

"మా ఆయన. ఆగస్టులో కార్ ఆక్సిడెంట్. ఈ రోడ్డు చివర సిగ్నల్ దగ్గరే."

ఆయన కళ్ళు తడిశాయి. ఆ తడి చూస్తే విద్యకు ఒళ్ళు మంట. వచ్చినవాళ్ళంతా ఒక చుక్క కార్చి వెళ్ళారు. ఆమెకు కావలసింది ఎవరూ ఇవ్వలేదు.

ఆమెకు కావలసింది ఒక్క మాట.

అంబులెన్స్ వచ్చేదాకా ఎవరో అనుదీప్ చెయ్యి పట్టుకుని కూర్చున్నారని, ఇద్దరూ మీ భాషలోనే ఏదో మాట్లాడుకున్నారని పోలీసు ఆఫీసర్ చెప్పాడు. తరవాత చూస్తే ఆ మనిషి లేడు. చివరికి అనుదీప్ ఏమన్నాడు? అది తెలియక ఆమెకు ఇవాళ్టికీ ముద్ద దిగదు. తెలుగువాళ్ళ యాహూ గ్రూప్‌లో మెయిల్ పెట్టింది. ఆఫీసుల్లో అడిగింది, గుళ్ళో అడిగింది. ఎవరో కుర్ర ఇంజనీర్ అయ్యుంటాడు, వీసా గొడవలకు భయపడి తప్పుకున్నాడని అందరూ తేల్చేశారు.

"అమ్మా, మీకొక మాట చెబుదామని..."

"తెలుసు అంకుల్. మంచివాళ్ళనే దేవుడు ముందు తీసుకుపోతాడు. అదేగా? చాలామంది చెప్పారు."

పెద్దాయన తొట్టి మీదికి వంగాడు.

"వీటికి పచ్చనీళ్ళు పొయ్యడం లేదా అమ్మా?"

"నాకు ఓపిక లేదండీ. నెక్స్ట్ వీక్ డబ్లిన్ మూవ్ అవుతున్నాం, కొత్త జాబ్. కావాలంటే తీసుకెళ్ళండి. లేకపోతే సాయంత్రం డంప్ చేసేస్తాను."

"వద్దమ్మా, అంత పని చెయ్యకండి!" ఆయన తొట్టికి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఎవరికీ ఇవ్వకండి. వీటికి పచ్చనీళ్ళు మరిచిపోకండి. పాప చేత పోయించండి. పాప పోస్తేనే నోరు తెరుస్తాయట."

విద్యకు తిక్క రేగింది. తొట్టికని వచ్చి ఈ సుద్దులేమిటి? తన బాధ తనకు చాలదా?

"నాకు ఆఫీస్ కాల్ ఉంది అంకుల్. ఏమీ అనుకోకండి."

తలుపు తెరిచి పట్టుకుంది.

"ఎందుకనుకుంటానమ్మా. రేపు మా ఊరెళ్ళిపోతున్నాను. వెళ్ళేలోగా ఇల్లు దొరికింది. నాకంతే చాలు."

ఫోటో వైపు తిరిగి రెండు చేతులూ జోడించి, బూట్లు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు. పేరేమిటని గానీ, ఏ ఊరని గానీ విద్య అడగలేదు.

తలుపు వేసి వెనక్కి తిరిగితే, స్కూల్ బ్యాగ్‌తో మెట్ల మీద మీనా.

"మమ్మీ, ఆ తాతగారు నాన్నకి ఫ్రెండా?"

"కాదు. ఎవరో. నీకు లేట్ అవుతోంది, షూస్ వేసుకో."

"మరి పచ్చనీళ్ళు అన్నారు?"

"అంటే ఏమైంది? ఫ్రిజ్‌లో ఉన్న ఆ సీసా..."

విద్య మాట సగంలోనే ఆగిపోయింది.

ఆ సీసాలోది ఆల్చిప్పల మేత, పచ్చరంగు నీళ్ళలా ఉంటుంది. దాని మీద ఉన్నది బారెడు ఇంగ్లీషు పేరు. చిన్నప్పుడు మీనాకు నోరు తిరగక ఏడిస్తే, "పోనీలే, పచ్చనీళ్ళు అందాం" అన్నాడు అనుదీప్. షాపులో ఆ పేరు చెబితే ఎవరికీ తెలియదు. భీమిలిలో వాళ్ళ అమ్మకే తెలియదు. ఈ ఇంట్లో పుట్టిన మాట ఎన్నడూ గడప దాటలేదు.

వినీ వినీ అలవాటైన మాట కదా, పరాయివాడి నోట విన్నా ఆమెకు తేడా తెలియలేదు.

పాప పోస్తేనే నోరు తెరుస్తాయట.

'ట' అన్నాడు. ఎవరో చెబితే విన్నవాళ్ళు అనే మాట అది.

విద్య తలుపు తీసుకుని చెప్పులు లేకుండానే రోడ్డు మీదికి పరుగెత్తింది. ఇటు చూసింది, అటు చూసింది. సిగ్నల్ దాకా ఎవరూ లేరు.

ఇన్నాళ్ళూ ఆమె ఊరంతా వెతికిన అనుదీప్ ఆఖరి మాటను ఆ పెద్దాయన నడిచొచ్చి ఆమె చేతిలో పెట్టి వెళ్ళాడు, ఆమె ఆయనకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.